మనోవ్యాధికి మందు లేదా?

"మనోవ్యాధికి మందు లేదు" అని తెలుగునాట ఒక సామెత కలదు. తరతరములుగా ఇది మన ఇండ్లలో వినబడుచున్నది. కాపురము చెడి పుట్టినింటికి వచ్చిన కూతురు మాటా పలుకూ లేక గోడ వంక చూచుచు కూర్చున్నప్పుడు, చేతికి అందివచ్చిన కొడుకు ఉద్యోగము మాని గది తలుపులు మూసికొన్నప్పుడు, ఇంటి పెద్దలు నిట్టూర్చి ఈ మాట అందురు. జాలితో అన్న మాటయే ఇది. అయినను ఇందులో ఒక తీర్పు దాగియున్నది. మందు లేదని ముందే తేల్చిన జబ్బునకు వైద్యుని వెదకువారెవరు? అటుపై మిగిలిన దారులు రెండే: దేవునిపై భారము వేయుట, లేదా రోగిని గదిలో పెట్టి గొళ్లెము వేయుట.

దీనికి తోడుగా మరియొక సామెత ఉన్నది. పిచ్చి కుదిరినది, రోకలి తలకు చుట్టుమన్నాడట! మొదటి సామెత జాలిపడును, రెండవది నవ్వును. ఈ జాలికి, ఈ నవ్వునకు నడుమ, మనసు చెడిన మనిషికి న్యాయముగా రావలసినదేమి అను ప్రశ్నను చాలకాలము ఎవరును అడుగలేదు. ఆ ప్రశ్న ఎట్లు పుట్టినది, దానికి సమాధానము ఎట్లు దొరకినది అన్నది ఈ ప్రసంగమునకు విషయము. ఇందుకై హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న మౌలాలి కొండవద్ద బయలుదేరి, పడమటనున్న ఎర్రగడ్డ వరకు ప్రయాణము చేయుదము. నేడు ఇది ఒక పూట ప్రయాణమైనను కాదు. చరిత్రలో మాత్రము నాలుగు శతాబ్దములకు పైగా పట్టినది.

మౌలాలి అనగానే నేడు చాలమందికి రైల్వే స్టేషను, డీజిలు ఇంజనుల షెడ్డు, హౌసింగు బోర్డు కాలనీ జ్ఞప్తికి వచ్చును. దక్షిణముగా నాచారము పారిశ్రామికవాడ, దానికి ఆవల ఉప్పల్. ఈ కర్మాగారముల నడుమ, కార్మికుల ఇండ్ల నడుమ, బోర్లించిన కుండవలె నున్నని రాతికొండ యొకటి లేచియున్నది. దానిపై హజ్రత్ అలీ పేర వెలసిన దర్గా కలదు. మౌలా అలీ అన్న పేరే జనుల నోట మౌలాలి అయినది.

ఈ దర్గా పుట్టుకను గురించి ఒక కథ ప్రచారములో ఉన్నది. గోలకొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుచున్న కాలమది. 1578లో అని చెప్పుదురు. రాజాస్థానమున పెద్ద కొలువులోనున్న యాకూత్ అను ఖోజా జబ్బుపడి లాలాగూడలో మంచము పట్టియుండెను. ఒక రాత్రి అతని కలలో ఆకుపచ్చని దుస్తులు ధరించిన పురుషుడొకడు వచ్చి, మౌలా అలీ నిన్ను పిలుచుచున్నారని చెప్పెను. యాకూత్ అతని వెంట నడిచిపోయెను. కొండ శిఖరమున అలీ ఒక రాతిపై చేయి ఆనించి కూర్చుండియుండిరి. యాకూత్ సాగిలపడెను, నోట మాట వచ్చులోపలనే మెలకువ కలిగెను. తెల్లవారగనే అతడు పల్లకిలో ఆ కొండకు పోయి చూడగా రాతిమీద చేతి గుర్తు కనబడెనట. ఆ రాతిని చెక్కించి, అచటనే పెద్ద కమాను కట్టించి, అందులో నిలిపెను. ఇది జరిగినది రజబు నెల 17వ నాటి రాత్రియని నమ్మకము. నేటికిని ఆ నెలలోనే అక్కడ ఉత్సవము జరుగుచున్నది.

ఇందులో ఎంత చరిత్రయో, ఎంత ఐతిహ్యమో తర్కించుట మన పని కాదు. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. ఈ కొండ కథ రాజు దండయాత్రతో మొదలు కాలేదు, రోగితో మొదలైనది. అతని రోగము పేరేమో కథ చెప్పదు. "నిన్ను పిలుచుచున్నారు" అన్న మాట ఆ రోగికి వినబడెను. మంచముపైనుండి లేచుటకు అతనికి ఆ పిలుపు చాలినది.

తరువాతి కాలమున అసఫ్‌జాహీల పాలనలో, ముఖ్యముగా రెండవ నిజాము అలీఖాను నాడు, రజబు ఉత్సవము నగరమునకంతటికి పెద్ద పండుగ అయ్యెను. ఉర్దూ కవయిత్రిగా పేరొందిన మహలఖా బాయి చందా తన తల్లికి ఈ కొండ పాదముననే సమాధి కట్టించెను; 1824లో తానును అక్కడనే నిద్రించెను. హిందువులని, ముసల్మానులని భేదము లేక జనులు మొక్కుబడులతో ఈ మెట్లు ఎక్కిరి. సంతానము లేనివారు, అప్పులలో మునిగినవారు, ఇంటి కలతలతో నలిగినవారు, పేరు తెలియని జబ్బుతో కృశించినవారు. మనసు చెడినవారిని కొండలకు, గుళ్లకు, దర్గాలకు తీసికొనిపోవుట దక్కనులో అంతటను ఉన్న వాడుకయే.

దీనిని మూఢనమ్మకమని ఒక్క మాటతో త్రోసివేయుట సులభము. కాని అక్కడ రోగికి లభించినదేమో కొంచెము నిదానించి చూడవలెను. కొండ ఎక్కుటకు అర్జీ అక్కరలేదు. మేజిస్ట్రేటు ఉత్తరువు అక్కరలేదు. రుసుము లేదు. నీ కులమేమి, మతమేమి అని అడుగువారు లేరు. రోగి ఒంటరిగా రాడు. తల్లియో, భార్యయో, అన్నయో వెంట ఉందురు. నలుగురిలో అతడును ఒకడుగా కూర్చుండును. తాయెత్తుతో, ఊదు పొగతో గట్టి మనోవ్యాధి నయము కాదు. ఆ సంగతి ఒప్పుకొనక తప్పదు. అయినను వెలివేయబడని అనుభవము అతనికి అక్కడ దక్కినది. ఈ సంగతిని మనసునందుంచుకొని కొండ దిగుదము. ముందు వచ్చు కథలో ఇది మరల అక్కరకు వచ్చును.

నగరములోనికి వచ్చినచో మూసీకి దక్షిణపుటొడ్డున దారుల్‌షిఫా కనబడును. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదునకు పునాది వేసినవాడు. 1595లో ఈ వైద్యశాలను కట్టించెను. ఆ పేరునకు స్వస్థతా గృహమని అర్థము. యునానీ హకీములు అందులో చికిత్స చేసిరి, శిష్యులకు విద్య నేర్పిరి. వారి శాస్త్రమున మనోవ్యాధులకు స్థానము ఉన్నది. నల్లని పైత్యము వలన కలుగు విషాదమును వారు మాలీఖూలియా అనిరి. ఉద్రేకముతో కూడిన పిచ్చిని జునూన్ అనిరి. ఇబ్నుసీనా గ్రంథమున వీనికి లక్షణములు, చికిత్సలు చెప్పబడినవి. మన ఆయుర్వేదమును ఇందులో వెనుకబడలేదు. చరకసంహితలో ఉన్మాదమునకు నిదానస్థానమున ఒకటి, చికిత్సాస్థానమున ఒకటి, రెండు ప్రత్యేకాధ్యాయములు కలవు. వాత పిత్త కఫముల వలన కలుగునవి మూడు, మూడును కలిసి కలుగునది ఒకటి, బయటినుండి వచ్చునది ఒకటి, ఇట్లు ఉన్మాదము ఐదు విధములని అందు విభజించిరి.

ఆ మందులు నేటి మందులకు సాటియని నేను చెప్పుట లేదు. నా మాట ఇంతే: మనోవ్యాధికి మందు లేదన్నది వైద్యుల మాట కాదు. వైద్యుడు అందుబాటులో లేనివారి మాట. మందు లేకపోవుట వేరు, మందు అందకపోవుట వేరు. ఈ రెంటికి గల భేదమును గుర్తించుటయే మానసిక ఆరోగ్యమును హక్కుగా గుర్తించుటకు తొలి మెట్టు. ఆ మెట్టు ఎక్కుటకు మాత్రము చాలకాలము పట్టినది. ముందుగా కథ వేరొక దారి పట్టెను.

1857 తిరుగుబాటు అణగిన మరుసటి సంవత్సరమే, అనగా 1858లో, ఆంగ్లేయ ప్రభుత్వము పిచ్చివారి ఆశ్రమములను గురించి చట్టములు చేసెను. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున మదరాసు రాజధానిలో మదరాసునందు, కాలికట్టునందు, మన వాల్తేరునందు అట్టి ఆశ్రమములు వెలసినవి. తరువాత 1912లో వచ్చిన చట్టము ఈ ఏర్పాటునకు స్థిరరూపము కల్పించెను. దాని ప్రకారము రోగిని ఆశ్రమమున చేర్చుటకు సాధారణముగా బంధువు మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవలెను. ఇద్దరు వైద్యులు ధ్రువపత్రములు ఇయ్యవలెను. అంతట మేజిస్ట్రేటు ఉత్తరువు జారీ చేయును. వీధులలో తిరుగుచు అపాయకరుడని తోచిన పిచ్చివానిని పోలీసు అధికారి పట్టి తెచ్చి మేజిస్ట్రేటు ఎదుట నిలుపవచ్చును. దొంగను తెచ్చు దారియు ఇదియే. చట్టము చూపంతయు సమాజమును రోగినుండి కాపాడుటపై ఉండెను. రోగికి సమాజము నుండి ఏమి రావలెనో ఆ చట్టము పట్టించుకొనలేదు.

నిజాము రాజ్యమునను కథ ఇంచుమించు ఇట్లే నడిచెను. ఎర్రగడ్డ ఆస్పత్రికి పూర్వరూపమైన ఆశ్రయము మొదట జైలు ఆవరణలోనే ఉండెనని ఆ సంస్థ చరిత్రలో చెప్పుదురు. రోగికిని, ఖైదీకిని ఒకే ప్రహరీగోడ! అటుపై ఆ ఆశ్రయము జాల్నాకు తరలినది. జాల్నా నాడు హైదరాబాదు రాజ్యములో ఔరంగాబాదు వైపునకు చెందిన మరాఠీ పట్టణము. నేడు మహారాష్ట్రలో ఉన్నది.

మౌలాలి ప్రక్కనున్న ఒక పల్లెలో ఆ రోజులలో ఒకనికి మతి చలించినదనుకొందము. ఇంటివారు అతనిని జాల్నాకు చేర్చవలెనన్నచో సికిందరాబాదులో మీటరు గేజి బండి ఎక్కి, నిజామాబాదు, నాందేడు, పర్భణీ దాటి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోవలెను. అక్కడ పలుకరించువారి భాష వేరు, తినుబండారములు వేరు. రోగి తెలుగులో గోడు చెప్పుకొన్నచో ఎందరికి అర్థమగును? కూలినాలి చేసికొను తల్లిదండ్రులు ఏడాదికి ఎన్నిమార్లు పోయి చూడగలరు? మనసు చెడినవానికి అన్నిటికంటె ముందు కావలసినది తెలిసిన మొగము, తెలిసిన భాష. దూరము ఆ రెంటిని తీసివేసెను. కొండమీది ఫకీరు చేతిలో మందు లేదు గాని, ఇంటివారు ప్రక్కన ఉండిరి. జాల్నాలో వైద్యుడు ఉండెను గాని, ఇంటివారు లేరు.

ఈ దోషము మన దేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. ఐరోపాలోను పిచ్చివారిని చిరకాలము గొలుసులతో కట్టి ఉంచిరి. ఫ్రెంచి విప్లవకాలమున పారిసులో పినెల్ అను వైద్యుడును, అతనితో పనిచేసిన పుస్సెన్ అను పర్యవేక్షకుడును ఆ గొలుసులను విప్పించిరి. ఇంగ్లండులో 1796లో ట్యూక్ అను వర్తకుడు యార్కు నగరమున దయతో నడుచు ఆశ్రమమును స్థాపించెను. అయినను తరువాతి శతాబ్దమున ఆశ్రమములు నిండిపోయి, మరల కారాగారములవలెనే అయినవి. దయయొక్కటే చాలదని దీనివలన తెలియుచున్నది. దయగల వైద్యుడు పదవి విడిచి పోవును. కట్టిన గోడ మాత్రము నిలిచియుండును.

1946లో భోర్ సంఘము మన దేశపు ఆరోగ్య స్థితిని పరిశీలించి నివేదిక సమర్పించెను. అందలి లెక్కలు నేడు చదివినను మనసు కలుక్కుమనును. ఇంగ్లండులో మానసిక రోగులకై సుమారు 300 మంది జనాభాకు ఒక పడక ఉండగా, భారతదేశమున సుమారు 40,000 మందికి ఒక పడక ఉండెను. మందు అందకపోవుట అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు. అదే 1946లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగము రూపొందినది. అది 1948 ఏప్రిల్ 7న అమలునకు వచ్చెను. రోగము లేకపోవుటయే ఆరోగ్యము కాదనియు, శరీరము, మనసు, సాంఘిక జీవనము మూడును చక్కగా ఉండుటయే ఆరోగ్యమనియు, అట్టి ఆరోగ్యము ప్రతి మానవునికి మౌలికమైన హక్కనియు అందు ప్రకటించిరి. మనసు అన్న మాట శరీరముతో సమముగా నిలిచిన పత్రము అది.

ఇంతలో వైద్యమున ఒక గొప్ప మార్పు వచ్చెను. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు కేడ్, లిథియము అను లవణము ఉన్మాదోద్రేకమును తగ్గించునని కనుగొనెను. 1952లో పారిసు నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందును మానసిక రోగులకు ఇచ్చి, దాని గుణమును లోకమునకు తెలిపిరి. ఏండ్ల తరబడి కేకలు వేయుచుండినవారు శాంతించిరి, మాటాడనివారు మాటాడిరి, చాలమంది ఇండ్లకు తిరిగిపోగలిగిరి. మన సామెత అబద్ధమైన సంవత్సరమేదియని ఎవరైన అడిగినచో 1952 అని చెప్పవచ్చును.

ఆ మరుసటి సంవత్సరమే, 1953లో, జాల్నా నుండి మానసిక చికిత్సాలయమును హైదరాబాదునకు తరలించి ఎర్రగడ్డలో నెలకొల్పిరి. అటుపై మూడేండ్లకు, 1956లో, రాష్ట్రముల పునర్విభజనతో జాల్నా బొంబాయి రాష్ట్రమున చేరిపోయెను. మన రోగులు మన నగరమునకు రావడము, మందు లోకమునకు రావడము రెండును ఒక్క ఏడాది వ్యవధిలో జరిగినవి. ఒకదానికి మరియొకటి కారణము కాదు గాని, రెండును కలిసి రాకున్నచో మేలు సగమే అయ్యెడిది. తరువాత ఆ ఆస్పత్రి మానసిక ఆరోగ్య సంస్థయై, ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థులకు బోధనాలయముగను పెరిగెను.

ఆ దశకముననే మరియొక పాఠము మన దేశమున బయటపడెను. అమృతసరు మానసిక ఆస్పత్రి అధికారి డాక్టరు విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగులతోపాటు వారి ఇంటివారిని కూడ ఉండనిచ్చెను. తల్లి తన చేత అన్నము పెట్టును. అన్న ప్రక్కన పడుకొనును. వైద్యుడు సాయంకాలము అందరిని కూర్చుండబెట్టి జబ్బును గురించి చెప్పును. రోగులు త్వరగా కోలుకొని ఇంటికి పోయిరి. ఇంటివారికి భయము పోయెను. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు నెలకొల్పిన కేంద్రమునను కుటుంబములు రోగితో ఉండు పద్ధతి నెలకొన్నది. కొండమీద ఉండినదియు, జాల్నాలో లేనిదియు ఏదియో అది ఇక్కడ మందుతో కలిసినది.

ఎర్రగడ్డ రోగులకు దగ్గరయ్యెను గాని, మాటలలో మాత్రము దూరమయ్యెను. ఆ ఊరి పేరే హైదరాబాదులో ఎగతాళి మాట అయినది. కోపము వచ్చిన స్నేహితుడు స్నేహితుని "ఎర్రగడ్డకు పంపవలెను" అనును. పిచ్చాసుపత్రి అన్న పేరు ఉచ్చరించుటకే ఇంటివారు వెరతురు. పెండ్లి సంబంధము చెడునేమో, ఇరుగుపొరుగు వారు చూతురేమో అని, నెలల తరబడి నిద్రలేని మనిషిని ఇంటనే ఉంచుదురు. జాల్నా నాలుగు వందల కిలోమీటర్ల దూరము. సిగ్గు అంతకంటె దూరము. హక్కు చట్టములో వ్రాసినంత మాత్రమున చాలదని, అది వీధి భాషలోనికి కూడ దిగవలెనని చెప్పుటకు ఈ ఒక్క ఉదాహరణ చాలును.

పెద్ద ఆస్పత్రి ఒక్కటే చాలదని ప్రభుత్వమును గుర్తించెను. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనది. తెలుగువారు అధికముగానున్న బళ్లారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల సాధారణ వైద్యులకే మనోవ్యాధులను గుర్తించి మందులిచ్చు శిక్షణ నొసగి, బెంగుళూరు సంస్థవారు 1980ల నడుమ ఒక ప్రయోగము నడిపిరి. అది ఫలించుటచే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును దేశమున నాలుగు జిల్లాలలో ప్రారంభించిరి. ఆ నాలుగింటిలో మన మెతుకుసీమ, అనగా మెదకు జిల్లా ఒకటి. జ్వరమునకు మాత్ర ఇచ్చు వైద్యుడే విషాదమునకును మాత్ర ఇచ్చును. అతని వద్దకు పోవుటకు సిగ్గు అక్కరలేదు.

అయినను హక్కు అన్న మాట బలపడినది న్యాయస్థానములలో. నేరము చేయకున్నను పిచ్చివారన్న కారణమున జైళ్లలో ఉంచబడినవారి దుస్థితిని పాత్రికేయురాలు షీలా బార్సే సుప్రీము కోర్టు దృష్టికి తెచ్చెను. నేరములేని మానసిక రోగులను జైలులో ఉంచుట చట్టవిరుద్ధము, రాజ్యాంగవిరుద్ధము అని 1993లో కోర్టు తీర్పు చెప్పెను. అదే సంవత్సరము ఏప్రిల్ 1న, 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టము అమలునకు వచ్చి, 1912 నాటి చట్టము చెల్లిపోయినది. జైలు ఆవరణలో మొదలైన కథ జైలు గుమ్మము దాటుటకు శతాబ్దము పట్టెను.

కాని గొలుసులు ఇంకను ఉండెను. 2001 ఆగస్టు 6న తెలుగువారికి ఇరుగుననున్న తమిళనాడులో, ఏర్వాడి దర్గా పరిసరమున ప్రైవేటు వ్యక్తులు నడుపుచున్న ఒక ఆశ్రయమున తెల్లవారుజామున నిప్పు అంటుకొన్నది. లోపలి రోగులు గొలుసులతో కట్టబడియుండిరి. పారిపోలేక 28 మంది కాలి మరణించిరి. మౌలాలి కొండవద్ద మనము మెచ్చుకొన్న ఆదరమునకు ఇది రెండవ ప్రక్క. నమ్మకముతో వచ్చినవారికి వైద్యము లేనిచోట, అడుగువారు లేనిచోట, ఆదరమే బేరమై గొలుసుగా మారును. ఏర్వాడిలో రోగుల నుంచినవారు తమ ఇంటివారే. వేరు దారి తెలియక, దగ్గర వైద్యుడు లేక ఉంచిరి. వారిని నిందించుటకు ముందు వారికి మనము చూపిన దారి ఏదియని అడుగవలెను. సుప్రీము కోర్టు తనంత తాను ఈ దారుణమును విచారణకు స్వీకరించెను.

2007లో భారతదేశము వికలాంగుల హక్కులను గురించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించినది. దానికి అనుగుణముగా 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చి, 2018 మే 29న అమలయ్యెను. 1912 చట్టమును, దీనిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో శతాబ్దపు దూరము కన్నులకు కట్టును. ప్రభుత్వము నడుపు లేదా ప్రభుత్వ ధనముతో నడచు వైద్యశాలలలో మానసిక చికిత్స పొందుట ప్రతి వ్యక్తికి హక్కని అందు స్పష్టముగా వ్రాసిరి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, ఇల్లులేనివారికి అది ఉచితము. శరీరవ్యాధికి ఏపాటి వైద్యము అందునో, మనోవ్యాధికిని అదే పాటి అందవలెను. బీమా కంపెనీలును ఈ రెంటికి భేదము చూపరాదు. రోగిని ఏ విధముగాను గొలుసులతో కట్టరాదు. ఇష్టము లేకుండ తల గొరిగించరాదు. కోరినచో తన బట్టలు తాను కట్టుకొననీయవలెను. వీధిలో తిరుగుచున్న రోగిని పోలీసువారు కాపాడి వైద్యశాలకు చేర్చవలెనే గాని, లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు. ఆత్మహత్యకు యత్నించినవానిని నేరగానిగా గాక, తీవ్రమైన మనోవేదనకు లోనైనవానిగా చూడవలెను.

తల గొరుగుట, బట్టలు అన్న మాటలు ఒక పార్లమెంటు చట్టములో ఎందుకని కొందరికి తోచవచ్చును. అవి చిన్న విషయములు కావు. మనిషిని మనిషిగా ఎంచుట మానివేయు దినమున మొట్టమొదట జరుగునవి ఆ రెండే. రోగి పేరు పోయి అంకె వచ్చును, బట్టలు పోయి గుంపు బట్టలు వచ్చును, జుట్టు పోవును. వైద్యుని దయ ఉన్నచో ఇవి జరుగవు. కాని దయగలవాడు దొరకునో లేదో అదృష్టము. హక్కు అన్నది అదృష్టముపై ఆధారపడదు. దయకు కృతజ్ఞత చెప్పుకొనవలెను. హక్కు తగ్గినచో ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదు వినుటకు సమీక్షా మండళ్లను, బీదవారికి ఉచిత న్యాయసహాయమును ఈ చట్టమే ఏర్పరచినది.

చట్టము వచ్చినది గాని, కొరత తీరలేదు. 2015-16లో దేశమున 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వే ప్రకారము పెద్దలలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుచుండిరి. జబ్బునుబట్టి అంకె మారినను, వారిలో నూటికి 70 నుండి 90 మందికి పైగా చికిత్స అందుట లేదని తేలినది. భోర్ సంఘపు నాటి పడకల కొరత నేడు వేరు రూపమున మిగిలియున్నది. మందు కనుగొని ఏడు దశాబ్దములు దాటినను, మందు లేదన్న సామెత చాల ఇండ్లలో నిజముగానే నడుచుచున్నది.

ఇక మన ఇంటిమాట. రేడియో చుట్టు కూర్చుండి ఇది వినుచున్న ఇల్లాలు, ఇంటి యజమాని, పెద్దలు గమనింపవలసినవి కొన్ని కలవు. వారములకొద్ది నిద్ర లేకపోవుట, అన్నము సహింపకపోవుట, ఇష్టమైన పనులయందు ఆసక్తి చచ్చిపోవుట, లేనిమాటలు వినబడుట, బ్రదుకు వద్దనుట, ఇవి దుష్టత్వము కావు, సోమరితనము కావు. వైద్యునికి చెప్పుకొనదగిన లక్షణములు. కొండకు పోయి మొక్కుకొనవద్దని ఎవరును అనరు. మొక్కు తీర్చుకొని వచ్చుదారిలో వైద్యుని కూడ చూడవలెను. నేడు ఉప్పల్‌లో మెట్రో బండి ఎక్కి అమీర్‌పేటలో మారినచో ఎర్రగడ్డ స్టేషనులోనే దిగవచ్చును. అంతదూరము పోలేనివారు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాటాడువారు ఉందురు. రుసుము లేదు, పేరు బయటపడునన్న భయము లేదు. జాల్నాకు పోయిన తరమువారికి ఈ రెండును కలలోనైన తోచియుండవు.

మౌలాలి కొండమీది కథలో రోగి యాకూత్ తానై పిలుపును వెదకలేదు. మంచముమీదనున్న అతనియొద్దకే ఒకరు వచ్చి, నిన్ను పిలుచుచున్నారని చెప్పిరి. మనసు కుంగినవాడు తానై లేచి వైద్యుని వెదకుకొనలేడు. అదియే ఆ జబ్బు లక్షణము. అందుచేత ఈ హక్కు మిగిలిన హక్కులవంటిది కాదు. దీనిని అడుగుకొను శక్తి, అది కావలసినవానికి చాలసార్లు ఉండదు. వాని పక్షమున ఇంటివారు అడుగవలెను, ఇరుగుపొరుగు అడుగవలెను, ఊరు అడుగవలెను. మనోవ్యాధికి మందు ఉన్నది. అది అందరికి అందవలెను. ఇకమీదట ఇంటి పెద్దలు నిట్టూర్చునప్పుడు ఆ పాత సామెతకు బదులు ఈ రెండు మాటలు చెప్పుదురుగాక.